ఒకే అన్వయం: లోగ్లాన్, లోజ్బాన్ భాషల యంత్ర వ్యాకరణ చరిత్ర

ప్రతి వాక్యానికీ ఒకే ఒక్క అన్వయం ఉండాలని, ఆ అన్వయాన్ని మనిషి సాయం లేకుండా కంప్యూటర్ కూడా తేల్చగలగాలని ముందే నియమం పెట్టుకొని నిర్మించిన భాషలు ప్రపంచంలో బహు కొద్ది. వాటిలో దీర్ఘమైన చరిత్ర ఉన్నవి లోగ్లాన్, దాని నుంచి చీలి వచ్చిన లోజ్బాన్. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, గెయిన్స్‌విల్ పట్టణంలో, సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కుక్ బ్రౌన్ 1955 చలికాలంలో ఈ పనికి శ్రీకారం చుట్టారు. మనిషి మాట్లాడే భాష అతని ఆలోచనను తీర్చిదిద్దుతుందన్న వాదాన్ని, అంటే పండితులు సపీర్–వోర్ఫ్ పరికల్పనగా వ్యవహరించే సిద్ధాంతాన్ని, ప్రయోగం ద్వారా పరీక్షించాలన్నది ఆయన సంకల్పం. సహజ భాషలు అన్నీ అనేక విషయాల్లో ఒకదానికొకటి భిన్నంగా ఉంటాయి కనుక ఏ భేదం ఏ ఫలితాన్నిచ్చిందో తేల్చడం సాధ్యం కాదని, ఒక్క గుణంలో మాత్రం అసాధారణంగా ఉండే చిన్న భాషను తయారుచేసి కొందరికి నేర్పితే వారి ఆలోచనలో వచ్చే మార్పును కొలవవచ్చని ఆయన భావించారు. ఆ ఒక్క గుణంగా ఆయన ఎంచుకొన్నది తర్కశాస్త్రపు నిర్మాణం.

తర్కానికి లొంగే భాష కావాలన్న ఆశ బ్రౌన్‌తో పుట్టింది కాదు. 1668లో ఇంగ్లండులో జాన్ విల్కిన్స్ లోకంలోని వస్తువులనూ భావాలనూ శాఖోపశాఖలుగా వర్గీకరించి, ప్రతి వర్గానికీ ఒక గుర్తును కేటాయించి, ఒక తాత్విక భాషను ప్రతిపాదించారు. జర్మనీలో లైబ్నిట్స్, వివాదం వచ్చినప్పుడు ఇరుపక్షాలవారూ కూర్చొని లెక్క కట్టి తేల్చుకోగల సార్వత్రిక లిపిని జీవితకాలం పొడుగునా కలగన్నారు. విల్కిన్స్ ప్రయత్నం పదాల అర్థం దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే లోకాన్ని ఏ వర్గాలుగా విడదీయాలన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకొనే జవాబు లేదు. 1879లో గోట్లోబ్ ఫ్రెగె ఆధునిక తర్కానికి సంకేత లిపిని రూపొందించిన తరువాత పరిస్థితి మారింది. వాక్యాన్ని కర్త, క్రియ అని కాకుండా, ఒక సంబంధం, ఆ సంబంధంలో పాల్గొనే స్థానాలు అని విడదీసే పద్ధతి అప్పటి నుంచి స్థిరపడింది. బ్రౌన్ పట్టుకొన్నది ఈ పద్ధతినే. అర్థాల వర్గీకరణ జోలికి పోకుండా నిర్మాణాన్ని మాత్రమే నియమబద్ధం చేయాలన్న ఆయన నిర్ణయం, తరువాతి కాలంలో ఈ భాష కంప్యూటర్‌కు అందడానికి అసలు కారణం.

ఆ పద్ధతి ప్రకారం ఈ భాషలో నామవాచకం, విశేషణం, క్రియ అన్న భేదాలు లేవు. ఆ మూడింటి పనినీ విధేయాలే, అంటే సంబంధాన్ని చెప్పే పదాలే, చేస్తాయి. ఉదాహరణకు లోజ్బాన్‌లో ‘క్లామ’ అనే పదానికి ఐదు స్థానాలు ఉంటాయి: వెళ్లేవారు, చేరే చోటు, బయలుదేరిన చోటు, దారి, వాహనం. ఈ ఐదూ మామూలుగా ఇదే వరుసలో వస్తాయి, అక్కర లేనివాటిని వదిలేయవచ్చు. ‘గెర్కు’ అంటే కుక్క. దానికి రెండో స్థానంలో జాతి పేరు వస్తుంది. తెలుగులో విభక్తి ప్రత్యయాలు చేసే పనిని ఇక్కడ స్థానాల వరుస చేస్తుందని చెప్పుకోవచ్చు.

మూల పదాలను తయారుచేసిన తీరు కూడా లెక్కతో కూడినదే. బ్రౌన్ ఎనిమిది పెద్ద భాషలను తీసుకొని, ఒక భావానికి ఆ భాషల్లో ఉన్న పదాల ధ్వనులు కొత్త పదంలో ఎంత మేరకు వినిపిస్తాయో చూసి, ఒక్కో భాషను మాట్లాడేవారి సంఖ్యను బట్టి ఆ పోలికకు విలువ కట్టి, ఎక్కువ మొత్తం వచ్చిన రూపాన్ని ఎంచుకొన్నారు. నీలి రంగుకు ‘బ్లాను’ అనే పదం అలా వచ్చింది. అందులో ఇంగ్లీషు, చైనా భాషల పదాలతో పాటు హిందీలోని ‘నీలా’ కూడా లెక్కలోకి వచ్చింది. తరువాత లోజ్బాన్ నిర్మాతలు ఇదే పనిని చైనీస్, ఇంగ్లీషు, హిందీ, స్పానిష్, రష్యన్, అరబిక్ అనే ఆరు భాషలతో కంప్యూటర్ మీద మళ్లీ మొదటి నుంచి చేశారు. సుమారు 1,350 మూల పదాలు అలా ఏర్పడ్డాయి, వాటి నిర్మాణంలో హిందీకి చైనీస్, ఇంగ్లీషుల తరువాత మూడో స్థానం దక్కింది.

1960 జూన్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో బ్రౌన్ వ్యాసం వెలువడడంతో లోగ్లాన్ లోకానికి పరిచయమైంది. పరిశోధనకు కావలసిన సొమ్ములో కొంత ఆయనే కనిపెట్టిన కెరీర్స్ అనే బల్లమీది ఆట సమకూర్చింది. పార్కర్ బ్రదర్స్ సంస్థ అమ్మిన ఆ ఆట మీద వచ్చే రాయల్టీ లోగ్లాన్ సంస్థకు ఆధారమైంది. 1966లో రాబర్ట్ హైన్లైన్ రాసిన ‘ద మూన్ ఈజ్ ఎ హార్ష్ మిస్ట్రెస్’ నవలలో మనుషులకూ కంప్యూటర్‌కూ మధ్య వాడే భాషగా లోగ్లాన్ పేరు కనిపిస్తుంది. నవలాకారుడు ఊహించినంత సులువుగా ఆ పని జరగలేదు. ఆ నాటికి లోగ్లాన్‌కు పదజాలం ఉంది, వ్యాకరణ వివరణ ఉంది, అన్వయ సందిగ్ధత లేదన్న ప్రకటన ఉంది, లేనిది నిదర్శనం.

అన్వయ సందిగ్ధత అంటే ఏమిటో ‘అందమైన చిన్న పిల్లల బడి’ అన్న నాలుగు మాటల్లోనే తెలుసుకోవచ్చు. అందం బడిదా, పిల్లలదా? చిన్నవి బడులా, పిల్లలా? నాలుగు పదాలను రెండేసి చొప్పున జతకట్టుతూ పోతే ఐదు రకాలుగా కుండలీకరణం చేయవచ్చు, ఐదింటికీ ఐదు వేర్వేరు అర్థాలు వస్తాయి. మాట్లాడేటప్పుడు తెలుగువాడు ఊనికతోనో విరామంతోనో ఈ చిక్కును దాటుతాడు. రాతలో సందర్భమే దిక్కు. బ్రౌన్ దాదాపు ఇటువంటి ఇంగ్లీషు పదబంధాన్నే తన పుస్తకంలో ఉదాహరణగా తీసుకొని, తన భాషలో ప్రతి అర్థానికీ వేరు రూపం ఉందని చూపించారు. లోజ్బాన్‌లో అదే పదబంధం ‘మెల్బి ష్మాలు నిఖ్లి ష్కులె’ అవుతుంది: అందమైన, చిన్న, ఆడపిల్ల, బడి. ఏ గుర్తూ లేకుండా రాస్తే పదాలు ఎడమ నుంచి జతపడతాయన్నది తప్పనిసరి నియమం. అంటే మొదటి రెండూ కలిసి మూడోదాన్ని, ఆ మూడూ కలిసి నాలుగోదాన్ని విశేషిస్తాయి. ‘నిఖ్లి’, ‘ష్కులె’ల నడుమ ‘బొ’ అనే చిన్న పదాన్ని పెడితే ఆ రెండూ ముందుగా ముడిపడి, ‘ఆడపిల్లల బడి’ ఒక ముక్కగా నిలిచి, ‘అందంగా చిన్నదైన’ అన్న విశేషణం ఆ బడికి చెందుతుంది.

ఇలాంటి నియమాలు పదో ఇరవయ్యో ఉన్నంత కాలం వాటిని కంటితో సరిచూసుకోవచ్చు. వందల సంఖ్యకు చేరినప్పుడు ఏ రెండు నియమాలు ఏ మూల కలిసి ఒక వాక్యానికి రెండు అన్వయాలు తెచ్చిపెడతాయో ఎవరికీ తెలియదు. వ్యాకరణాన్ని రాసినవారికి అసలే తెలియదు, ఎందుకంటే వారి మనసు తాము ఉద్దేశించిన అన్వయాన్నే చూస్తుంది. ఈ చిక్కు నుంచి బయటపడే దారి భాషా నిర్మాతల దగ్గర కాక, అదే కాలంలో ఎదుగుతున్న మరో శాస్త్రంలో దొరికింది.

1956లో నోమ్ చామ్‌స్కీ వ్యాకరణాలను వాటి శక్తిని బట్టి తరగతులుగా విభజించారు. వాటిలో సందర్భరహిత వ్యాకరణం అనే తరగతిలో ప్రతి నియమమూ ఒక నిర్మాణాన్ని దాని ముక్కలుగా విడదీస్తుంది, చుట్టుపక్కల ఏముందో పట్టించుకోదు. 1959లో జాన్ బాకస్ ప్రోగ్రామింగ్ భాష అల్గాల్ వాక్యనిర్మాణాన్ని వర్ణించడానికి ఇటువంటి సంకేతాలనే ప్రవేశపెట్టగా, పీటర్ నౌర్ వాటికి మెరుగులు దిద్దారు. ఆ సంకేత పద్ధతికి పాణిని అష్టాధ్యాయితో పోలిక ఉందని గుర్తించి, పాణిని పేరును కూడా చేర్చి పిలవాలని 1967లో పీటర్ ఇంగర్మన్ సూచించారు. ఇంతలో 1960ల తొలి సంవత్సరాల్లోనే ఒక కఠినమైన సత్యం రుజువైంది: ఏ సందర్భరహిత వ్యాకరణాన్ని ఇచ్చినా దానిలో సందిగ్ధత ఉందో లేదో తప్పకుండా తేల్చి చెప్పగల యాంత్రిక పద్ధతి ఉండదు. అలాంటి పద్ధతి ఇంకా దొరకలేదని కాదు, ఎప్పటికీ దొరకదని దాని తాత్పర్యం. సందిగ్ధత లేని భాషను చేస్తామన్నవారికి ఇది శరాఘాతమే అయి ఉండేది, డోనల్డ్ నుత్ 1965లో మరో దారి చూపకపోయి ఉంటే.

నుత్ వర్ణించిన పద్ధతిలో కంప్యూటర్ వాక్యాన్ని ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క పదంగా చదువుతుంది. చదివిన పదాలను దొంతరగా పేర్చుకొంటూ, అడుగడుగునా రెండు పనుల్లో ఒకదాన్ని ఎంచుకొంటుంది: తరువాతి పదాన్ని కూడా దొంతర మీద పెట్టడమా, లేక పైనున్న కొన్ని పదాలను ఒక నిర్మాణంగా కట్టి దాని పేరుతో మార్చడమా. ఈ ఎంపికను రాబోయే ఒక్క పదాన్ని మాత్రమే చూసి, ఎక్కడా వెనక్కి తిరగకుండా చేయగలిగితే ఆ వ్యాకరణంలో సందిగ్ధతకు తావు లేనట్టే. అన్ని వ్యాకరణాలనూ తేల్చలేకపోయినా, ఈ కట్టుబాటుకు లోబడే వ్యాకరణాలను మాత్రం నిస్సందేహంగా తేల్చవచ్చు. 1970లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో స్టీఫెన్ జాన్సన్ ఈ పద్ధతిలోని ఒక పరిమిత రూపాన్ని ఆధారం చేసుకొని యాక్ అనే సాధనాన్ని నిర్మించారు. ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణాన్ని దానికి ఇస్తే వాక్యాలను అన్వయించే ప్రోగ్రామును, అంటే పార్సర్‌ను, అదే రాసిపెడుతుంది. వ్యాకరణంలో ఎక్కడైనా రెండు పనుల్లో ఏది చేయాలో తేలకపోతే, ఆ చోట సంఘర్షణ ఉందని ముందే హెచ్చరిస్తుంది.

ఆ హెచ్చరికే లోగ్లాన్‌కు వరమైంది. యాక్ నోటి నుంచి సంఘర్షణ అన్న మాట రాకుండా చేయగలిగితే, తన భాషకు అన్వయ సందిగ్ధత లేదని బ్రౌన్ చెప్పిన మాట మొదటిసారిగా ఇతరులు కూడా సరిచూడగల రుజువుగా మారుతుంది. 1975లో లోగ్లాన్ పుస్తకాలు విస్తృతంగా వెలువడిన తరువాత చేరిన స్వచ్ఛంద కార్యకర్తల్లో కంప్యూటర్ వృత్తివారు పలువురు ఉన్నారు. భాషను కంప్యూటర్‌కు అప్పగించే ఆ పని చాలా ఏళ్లు సాగి 1980ల తొలి సంవత్సరాల్లో ఒక కొలిక్కి వచ్చింది. ఇక్కడ జరిగింది ఉన్న వ్యాకరణాన్ని కంప్యూటర్ సంకేతాల్లోకి ఎత్తిరాయడం మాత్రమే అనుకోరాదు. సంఘర్షణ బయటపడిన ప్రతిచోటా, నియమాన్ని మార్చడమో, ఒక చిన్న పదాన్ని రెండుగా చీల్చడమో, కొత్త ముగింపు గుర్తును చేర్చడమో అవసరమైంది. అంటే భాషే మారుతూ వచ్చింది. సహజ భాషల వ్యాకర్త జనం నోట ఉన్నదాన్ని అనుసరించి సూత్రం రాస్తాడు, ఇక్కడ సూత్రాన్ని అనుసరించి జనం మాట్లాడవలసి వచ్చింది.

పదాల స్థాయిలో కూడా ఇదే తరహా మరమ్మతు ఆ సంవత్సరాల్లోనే జరిగింది. ధ్వనుల ప్రవాహాన్ని పదాలుగా విడదీయడంలో, అంటే పదచ్ఛేదంలో, సందిగ్ధత ఉంటే పై స్థాయి వ్యాకరణం ఎంత కచ్చితంగా ఉన్నా వృథా. మూల పదాలను కుదించి అతికించి చేసే సమాసాలు ఇందులో పెద్ద చిక్కు తెచ్చాయి. లోజ్బాన్ పుస్తకాల్లో ప్రసిద్ధమైన ఉదాహరణ ‘తొస్మాబ్రు’. ‘తొస్’ అనే ముక్కకు క్షీరదం అనే అర్థమున్న ‘మాబ్రు’ను చేర్చి ఈ సమాసం కట్టినవారికి అది ఒకే పదం, వినేవారికి మాత్రం ‘తొ’ అనే చిన్న పదం పక్కన ‘స్మాబ్రు’ అనే చెల్లుబాటయ్యే పదం వినిపిస్తుంది, ఎందుకంటే ఆ భాషలో ‘స్మ’ అన్న జంట హల్లుతో పదం మొదలు కావచ్చు. అందువల్ల ఇటువంటి సమాసాల నడుమ అకారంలా తేలిపోయే ఒక అచ్చును తప్పనిసరిగా చేర్చాలన్న నియమం వచ్చింది. సంస్కృతాంధ్ర సంధుల్లో ఒకే అక్షరాల వరుసను రెండు మూడు రకాలుగా విడదీయగలిగే చోట్లు తెలిసిన తెలుగు పాఠకునికి ఈ నియమం విలువ వెంటనే తెలుస్తుంది.

వ్యాకరణం సిద్ధమవుతున్న కొద్దీ అది ఎవరి సొత్తన్న ప్రశ్న తలెత్తింది. పదజాలం మీద, వ్యాకరణం మీద హక్కులు తనవేనని బ్రౌన్ వాదించారు. భాష అందరిదీ అయితే తప్ప బతకదని కార్యకర్తల్లో కొందరు నమ్మారు. ఫలితంగా 1987లో బాబ్ లెషెవాలియే నాయకత్వాన వాషింగ్టన్ ప్రాంతంలో లాజికల్ లాంగ్వేజ్ గ్రూప్ ఏర్పడి, అదే నిర్మాణానికి కొత్త పదజాలాన్ని చేర్చి లోజ్బాన్‌ను ప్రారంభించింది. లోగ్లాన్ అన్న పేరు వ్యాపార చిహ్నమా కాదా అన్న వివాదం న్యాయస్థానం దాకా వెళ్లింది, ఒక భాషకు అది సాధారణ నామమైపోయింది కనుక చిహ్నంగా చెల్లదని 1992లో అమెరికా ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. కొత్త సంఘం తన వ్యాకరణాన్ని ఎవరైనా వాడుకోవడానికి వీలుగా ప్రజల సొత్తుగా ప్రకటించింది. భాషను కాపాడింది ఆ ప్రకటనేనని చెప్పడం అతిశయోక్తి కాదు. ఆ తరువాత వచ్చిన పార్సర్లన్నీ ఎవరి అనుమతి కోసం ఎదురుచూడకుండా ఔత్సాహికులు రాసినవే.

లోజ్బాన్ వ్యాకరణంలోని అసలు కష్టం ఎక్కడుందో ఒక చిన్న వాక్యంలో తెలుసుకోవచ్చు. ‘లె గెర్కు షు క్లామ’ అంటే ‘కుక్క వెళ్తుంది’ అని అర్థం. ‘లె’ ఒక వస్తువును పేర్కొనడం మొదలైందని చెబుతుంది, ‘షు’ ఆ పేర్కొనడం అయిపోయి ప్రధాన విధేయం మొదలైందని చెబుతుంది. ‘షు’ను తీసేస్తే ‘లె గెర్కు క్లామ’ మిగులుతుంది. అది వాక్యమే కాదు. ‘గెర్కు’, ‘క్లామ’ జతపడిపోయి ‘కుక్కకు సంబంధించిన రీతిలో వెళ్లేది’ అన్న ఒక్క నామబంధం అవుతుంది. విశేషణమూ క్రియా ఒకే జాతి పదాలు కావడం వల్ల, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తు లేకపోతే జతపడడం ఆగదు. అందుకని ఈ భాషలో తెరిచే గుర్తుకల్లా మూసే గుర్తు ఒకటి ఉంది: ‘లె’తో మొదలైనదాన్ని ‘కు’ మూస్తుంది, ఉపవాక్యాన్ని వేరొకటి మూస్తుంది, ఉల్లేఖనాన్ని ఇంకొకటి. అన్నిటినీ పలుకుతూ పోతే సందిగ్ధత ఉండదు, కానీ మాట్లాడేవారికి ప్రాణం విసుగెత్తుతుంది. అందువల్ల అవసరం లేని చోట మూసే గుర్తును వదిలేయవచ్చన్న సడలింపు ఇచ్చారు. అవసరం లేదని తెలిసేదెలా? వదిలేసినా అన్వయం మారకపోతే. ఈ షరతు మనిషికి సులభం, సందర్భరహిత వ్యాకరణానికి దుర్భరం, ఎందుకంటే ‘మారకపోతే’ అన్న మాటను దాని నియమాల్లో చెప్పడానికి చోటు లేదు.

ఇందుకు వ్యాకరణ నిర్మాతలు వాడిన ఉపాయం వినదగ్గది. ప్రోగ్రామర్లు రాసిన కోడ్‌లో తప్పు దొర్లినప్పుడు పార్సర్ కుప్పకూలకుండా, తప్పును గుర్తించి ముందుకు సాగే ఏర్పాటు యాక్‌లో ఉంది. లోజ్బాన్ వ్యాకరణం ప్రతి మూసే గుర్తు పక్కనా ‘లేదా తప్పు’ అన్న ప్రత్యామ్నాయాన్ని చేర్చింది. పార్సర్ చదువుతూ పోయి, ఇక ముందుకు సాగని చోట ఆగితే, అది తప్పు దొరికిందనుకొని తప్పు గుర్తును తెచ్చుకొంటుంది. ఆ గుర్తునే వదిలేసిన ‘కు’గా లెక్కించి వ్యాకరణం సాగిపోతుంది. మాట్లాడేవారి లాఘవాన్ని పార్సర్ లోపంగా చూసి, ఆ లోపాన్నే నియమంగా స్వీకరించడం తెలివైన పనే. అయితే భాష నిర్వచనం ఒక సాధనం అంతర్గత ప్రవర్తన మీద ఆధారపడిపోవడం దీని మూల్యం. యాక్‌ను పక్కనపెట్టి ఆ నియమాలను కాగితం మీద చదివినవారికి భాష పూర్తిగా అర్థం కాదు.

ఒక్క పదం మాత్రమే ముందుకు చూడగలగడం మరో ఇబ్బంది. సంఖ్యల వరుసలు, కాలాన్ని సూచించే పదాల గుంపులు, సముచ్చయాలు లోజ్బాన్‌లో ఎంత పొడవైనా ఉండవచ్చు, అవి ఏ పనికి వచ్చాయో గుంపు చివరి దాకా చదివితే కానీ తేలదు. అందుకని పార్సర్‌కు ముందు మరో దశను పెట్టి, ఇటువంటి గుంపు మొదలయ్యే చోట ఒక అదృశ్య గుర్తును చేర్చి పంపించారు. ‘జోయ్’ అనే పదం ఇంకా మొండిది: ఇతర భాషల పాఠాన్ని ఉల్లేఖించేటప్పుడు, ఆ పాఠంలో లేని పదాన్ని ఒకదాన్ని వక్తే ఎంచుకొని పాఠానికి ముందూ వెనకా కంచెగా పెట్టాలి. మొదటి కంచె పదాన్ని గుర్తుపెట్టుకొని అదే మళ్లీ వచ్చేదాకా అన్నిటినీ దాటేయడం సందర్భరహిత వ్యాకరణానికి చేతకాని పని, కాబట్టి ఆ బాధ్యత కూడా ముందు దశకే చేరింది. వ్యాకరణాన్ని ప్రకటించిన పత్రమే ఈ సంగతిని దాచకుండా చెబుతుంది: యాక్ తేల్చేది ఒక భాగాన్ని, మిగతాదాన్ని విడిగా రాసిన ప్రోగ్రామ్ చేయాలి. అందుచేత లోజ్బాన్ సందిగ్ధరహితమని యాక్ రుజువు చేసిందన్న మాటను, ఆ భాష అభిమానులు చెప్పేంత విశాలంగా తీసుకోరాదు.

1997లో జాన్ కవాన్ రాసిన ‘ద కంప్లీట్ లోజ్బాన్ లాంగ్వేజ్’ వెలువడింది. 21 అధ్యాయాల ఆ గ్రంథంలో చివరి అధ్యాయం పూర్తిగా నియమాల పట్టికలే: యాక్‌కు ఇచ్చే రూపం ఒకటి, మనుషులు చదువుకోవడానికి కుదించిన రూపం మరొకటి. రెండో రూపంలో వదిలేయదగిన మూసే గుర్తులను ప్రత్యేకమైన గీతల నడుమ పెట్టారు, కనుక చదివేవారికి అదే సుబోధకం. అధికారికం మాత్రం మొదటిదే. గ్రంథం ప్రచురణతో పాటు భాషలో మార్పులను కనీసం ఐదేళ్లు నిలిపివేస్తున్నట్టు సంఘం ప్రకటించింది. చీటికీమాటికీ మారే భాషను ఎవరూ నేర్చుకోరని లోగ్లాన్ అనుభవం వారికి నేర్పింది.

ఆ నిశ్చలతను కదిలించింది మళ్లీ కంప్యూటర్ శాస్త్రమే. 2004లో బ్రయన్ ఫోర్డ్ ప్రతిపాదించిన కొత్త రకం వ్యాకరణంలో ప్రత్యామ్నాయాలకు వరుస ఉంటుంది: మొదటిది కుదిరితే రెండోదాన్ని చూడనే చూడదు, ఎంత దూరమైనా ముందుకు తొంగిచూసి నిర్ణయం తీసుకోవచ్చు. లోజ్బాన్ ఔత్సాహికులు ఈ పద్ధతిలో వ్యాకరణాన్ని తిరిగి రాసి షామ్‌ఖెస్ అనే పార్సర్‌ను తయారుచేశారు. అక్షరాల నుంచి పదచ్ఛేదం, పదాల నుంచి వాక్యాన్వయం, వదిలేసిన గుర్తుల పూరణ, అన్నీ ఒకే నియమావళిలో ఇమిడాయి. తప్పును నియమంగా మార్చే ఉపాయం అక్కరలేకపోయింది. వాడుకలో ఇది ముమ్మాటికీ మెరుగైన సాధనం. కానీ ఈ పద్ధతిలో వరుస ఉన్నందువల్ల ఏ వాక్యానికైనా ఒక్క అన్వయమే వస్తుంది, నిర్మాత తనకు తెలియకుండా రెండు అర్థాలకు తావిచ్చినా సరే. యాక్ హెచ్చరించేది, కొత్త పద్ధతి మౌనంగా ఒకదాన్ని ఎంచుకొంటుంది. సందిగ్ధత లేకపోవడం అప్పుడు భాష గుణంగా కాక సాధనం గుణంగా మిగులుతుంది. యాక్ వ్యాకరణం ఎంత బరువుగా ఉన్నా, రుజువుగా దాని విలువ ఇందువల్ల తగ్గలేదు.

నియమాల వరుసతో వివాదాన్ని తీర్చడం భారతీయ వ్యాకరణ సంప్రదాయానికి చిరపరిచితం. సుమారు 4,000 సూత్రాల అష్టాధ్యాయిలో రెండు సూత్రాలు ఒకే చోట ఎదురుపడితే, సమాన బలం ఉన్నప్పుడు వెనక వచ్చిన సూత్రానిదే పైచేయి అని సంప్రదాయ వ్యాఖ్యాతలు చెబుతారు. ఫోర్డ్ పద్ధతిలో ముందు వచ్చినదానిది. అంతకు మించి పోలికను సాగదీయడం తగదు, ఎందుకంటే పాణిని పనిముట్టు రూపాలను సాధించడానికి, ఫోర్డ్ పనిముట్టు వాక్యాలను విడదీయడానికి. పాణిని కారక సిద్ధాంతాన్ని విడదీసే పనికి మళ్లించినవారు అక్షర భారతి పేరుతో రాసిన బృందం. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్‌లతో కలిసి 1995లో వారు ప్రచురించిన గ్రంథం భారతీయ భాషల కంప్యూటర్ విశ్లేషణకు పాణినీయ దృక్పథాన్ని వివరించింది. కాన్పూర్‌లో మొదలైన ఆ కృషి హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కొనసాగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అంబా కులకర్ణి నేతృత్వాన సంస్కృత వాక్యాలను అన్వయించే సాధనాలు తయారయ్యాయి. ఈ పరిశోధకులు నడిచిన దారి బ్రౌన్ దారికి ఎదురుదిక్కు. వారు భాషను ఉన్నదున్నట్టు స్వీకరించి, ఒక వాక్యానికి వచ్చే అనేక అన్వయాలను ఆకాంక్ష (పదాల పరస్పరాపేక్ష), యోగ్యత (అర్థాల పొందిక) వంటి శాస్త్ర నిబంధనలతో జల్లెడ పడతారు. తెలుగు వంటి భాషకు ఈ దారి తప్ప గత్యంతరం లేదు, ‘షు’ లేని వాక్యాన్ని వాక్యం కాదని కొట్టిపారేసే అధికారం తెలుగు వ్యాకర్తకు లేదు కనుక.

లోజ్బాన్ సాధించినదాని హద్దులు కూడా స్పష్టంగానే ఉన్నాయి. ‘నిఖ్లి ష్కులె’లో ఏది దేనికి విశేషణమో వ్యాకరణం నిస్సంశయంగా చెబుతుంది, అది ఆడపిల్లలు చదివే బడా, ఆడపిల్లలు కట్టిన బడా, ఆడపిల్లల గురించి బోధించే బడా అన్నది చెప్పదు. ఆ సంబంధాన్ని అస్పష్టంగా వదలడం నిర్మాతలు కావాలని చేసిన పనే. స్పష్టత కావలసినవారు విధేయాల స్థానాలను నింపి విడమరచి చెప్పుకోవాలి. అర్థం జోలికి పోకుండా నిర్మాణాన్ని మాత్రమే బిగించాలని 1955లో తీసుకొన్న నిర్ణయం చివరిదాకా అలాగే నిలిచింది, ఫలితం కూడా సరిగ్గా ఆ మేరకే దక్కింది.

బ్రౌన్ 2000లో మరణించారు. భాష ఆలోచనను మారుస్తుందా అని తేల్చడానికి ఆయన తలపెట్టిన ప్రయోగం ఈనాటికీ జరగలేదు, దానికి కావలసినంత మంది ధారాళంగా మాట్లాడేవారు ఎప్పుడూ సమకూరలేదు. ఆ ప్రయోగానికి పనిముట్టుగా పుట్టిన వ్యాకరణం మాత్రం నిలిచింది: 1997 గ్రంథంలోని నియమావళిని యాక్‌కు ఇచ్చి, అందులో సంఘర్షణ ఉందో లేదో ఎవరైనా, ఎవరి అనుమతీ లేకుండా, తామే పరీక్షించుకోవచ్చు.